గ్యాంగులో సేరే ముందు రూల్సు సదవాల

అర్ధరాత్రి గదిలోంచి "బండి ఆపండి, లైసెన్సు సూపించండి" అని కొడుకు గొంతు వినపడితే ఏ తల్లైనా ఉలిక్కిపడుద్ది. కంగారేటీ నేదు. కంప్యూటర్లో జీటీఏ-5 ఆటని ఫైవ్‌ఎమ్ సర్వర్లో ఆడతన్నాడు. అక్కడ ఈడు పోలీసు. ఆ ఫైవ్‌ఎమ్ తయారుసేసినోళ్లని 2023లో రాక్‌స్టార్ కంపెనీయే తనలో కలిపేసుకుంది.

ఇదో రకం నాటకం. ఊరన్నాక పోలీసులు, అంబులెన్సోళ్లు, మెకానిక్కులు, గ్యాంగులు ఉంటారు కదా. ప్రతి జట్టుకీ ఓ పెద్ద, ఓ పద్ధతి. సేరాలంటే సాలా సర్వర్లలో డిస్కార్డ్‌లో దరకాస్తు పెట్టాల, నీ పాత్ర కత సెప్పాల, కింద మెట్టు నుంచి ఎక్కాల.

కొత్తోళ్లు రెండు తప్పులకి దొరికిపోతారు. బయట ఎవుడో సెప్పిన సంగతి, ఆటలో పాత్రకి ముందే తెలిసినట్టు వాడేస్తారు. దీన్నే మెటాగేమింగ్ అంటారు. రెండోది, నెత్తికి తుపాకీ పెట్టినా ప్రాణభయం నేనట్టు తిరగబడతారు. అప్పుడు అవతలోడి ఆట కూడా సెడిపోద్ది.

ఆటలో పగ ఆటలోనే వొదిలేయాల. పెద్ద పోస్టిస్తాం, డబ్బులియ్యి అన్నా, ఇంటి అడ్రస్ అడిగినా, గ్యాంగు కోసం పరీక్ష మానీమన్నా ఆ జట్టు నీకొద్దు. పైగా ఈ ఆటకి యూరప్‌లో ఇచ్చిన రేటింగు 18 ఏళ్లు. పిల్లల సంగతి పెద్దోళ్లు సూసుకోవాల.

మన అనకాపల్లిలో దిమ్మ రంగు సూడకుండా బెల్లం బేరం ఎవుడాడతాడు? జట్టుని కూడా నాలుగు రోజులు సూసి, అప్పుడు సేరు.