ఉదయానికీ, రేపటికీ ఒకటే మాట

స్పానిషు నేర్చుకోబోయేవారిని మొదటి వారంలోనే తికమకపెట్టే మాట ఒకటున్నది. అది ‘మన్యానా’. నడుమ వచ్చే అక్షరం పలుకుబడిలో మన ‘ఞ’కు దగ్గర. ఈ ఒక్క మాటకే ఉదయమనీ అర్థమే, రేపు అనీ అర్థమే!

మరి ‘రేపు ఉదయం’ అనవలసివస్తే? ‘మన్యానా పోర్ లా మన్యానా’ అంటారు. మొదటిది రేపు, రెండవది ఉదయం. ముందు ‘లా’ అనే స్త్రీలింగపు గుర్తు ఉంటే ఉదయం. ‘ఎల్’ అనే పుంలింగపు గుర్తు ఉంటే రానున్న కాలం. ఏ గుర్తూ లేక ఒంటరిగా వస్తే సాధారణంగా రేపే. ఎల్లుండి ‘పసాదో మన్యానా’, అనగా రేపు గడిచాక. సెలవు తీసుకునేటప్పుడు ‘ఆస్తా మన్యానా’, అనగా రేపటిదాకా సెలవు.

ఈ మాటకు మూలం లాటినులో ఉదయమనే అర్థమున్న ‘మానె’. రేపటికి లాటినులో ‘క్రాస్’ అని వేరే మాట ఉండేది. పాత స్పానిషులోనూ అది కొంతకాలం బ్రతికి, వాడుక తప్పింది. దాని చోటులోనికి ఉదయమే వచ్చి కూర్చున్నది.

ఇది వింత అనుకుంటున్నారా? మన ఇంటి సంగతి చూడండి. పూర్వం తెలుగులో ‘రేపు’ అంటే ప్రాతఃకాలమే! ‘రేపకడ’ అంటే వేకువ. ‘రేపుమాపు’ అంటే ఉదయసాయంకాలాలు. ఆ జంటనే నేడు ‘రేపో మాపో’ అని ఎటూ తేలని పనులకు వాడుతున్నాము. ఎక్కడి స్పెయిను, ఎక్కడి తెలుగునాడు! చుట్టరికం లేని రెండు భాషలకూ ఒకే ఊహ తోచింది: రాత్రి గడిచి తెల్లవారితే, అదే రేపు.

దుకాణాల గోడల మీదా ఈ పోలిక కనబడుతుంది. ‘నేడు నగదు, రేపు అరువు’ అని మనవారు వ్రాసినట్లే, ‘ఓయ్ నో సె ఫియా, మన్యానా సీ’ అని అక్కడివారు వ్రాస్తారు. ఈ రోజు అరువు లేదు, రేపు ఉన్నది అని. ఆ రేపు ఏనాడూ రాదని కొనేవారికీ తెలుసు.

మరియానో హోసే దె లార్రా అనే స్పానిషు రచయిత 1833లో ‘రేపు రండి’ అనే పేరుతో ఒక వ్యాసం వ్రాశాడు. పదిహేను రోజులలో పనులు చక్కబెట్టుకోవచ్చునని మాడ్రిడుకు వచ్చిన ఫ్రెంచి పెద్దమనిషి, ఎక్కడికి పోయినా ‘రేపు రండి’ అనే జవాబే విని, ఆరు నెలల తరువాత విసిగి వెళ్ళిపోతాడు. లార్రా తన్నుతాను కూడా వదలలేదు. ఆ వ్యాసమే మూడు నెలలకు పైగా రేపు రేపని వాయిదా వేశానని చివర ఒప్పుకున్నాడు.

మేమూ ఒప్పుకోవలసినది ఉన్నది. పరభాషల నడుమ పెరుగుతున్న మా పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం ఎన్నాళ్ళుగానో ‘రేపే’. ఆ మాటకు పాత అర్థమే తీసుకుందాము. రేపు అంటే తెల్లవారగానే. పలక ఈ రాత్రే తుడిచి ఉంచుదాము.