కానరాని వాయువు, కానరాని వెలుగు

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రింపరాదని పెద్దలు చెప్పగా మన బాలబాలికలు వినియే యుందురు. బొగ్గునకు చాలినంత గాలి లేనప్పుడు అది పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడను వాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తుటిలోని హీమోగ్లోబిను ఆమ్లజనికంటె ఈ వాయువును రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. అందుచేత దేహమునకు ఆమ్లజని యందక, నిద్రించువాడు నిద్రలోనే మరణింపవచ్చును.

మొదటి ప్రపంచ సంగ్రామకాలమున అమెరికా రసాయన శాస్త్రజ్ఞులు ఈ విషమునకు విరుగుడు వెదకిరి. లాంబు, బ్రే, ఫ్రేజరు అనువారలు 1920లో దానినిగూర్చి ప్రకటించిరి. మాంగనీసు, రాగి ఆక్సైడులు ముఖ్యముగా గల ఆ పొడికి హాప్కలైటని పేరు. విషవాయువు కలిసిన గాలి దానిగుండా పోవునప్పుడు, వేడిచేయకయే, ఆ వాయువు ఆమ్లజనితో కూడి బొగ్గుపులుసు గాలిగా మారును. పొడి మాత్రము ఖర్చుకాదు. ఇట్లు తాను ఖర్చుగాక మార్పును త్వరపెట్టు పదార్థమునకు ఉత్ప్రేరకమని పేరు. గని పనివారి రక్షణ సాధనములలో దీనిని వాడిరి. కాని దీనికొక లోపము కలదు: తేమ తగిలినచో శక్తి నశించును. ఏల?

ఇటుకలోనికి నీరింకుట శోషణము. ఆకుపై మంచు పట్టుట వంటిది అధిశోషణము. ఉత్ప్రేరకముపై వాయువు లోనికింకక, ఉపరితలమునకే అంటుకొనును. ఆక్సైడు పొడులలో సూక్ష్మరంధ్రములు అసంఖ్యాకములు. కొన్నింటిలో ఒక్క గ్రాముననే నూరు చదరపు మీటర్లకు మించిన ఉపరితలముండును. అందు వాయువు కూర్చుండు పీఠములవంటి స్థానములు కలవు. ఏ అణువు ఏ పీఠముపై కూర్చున్నదో చూచుటెట్లు?

దేవుడు సృజించిన వెలుగులో మన కన్నులకు గోచరించునది స్వల్పభాగమే. 1800లో విలియం హెర్షెలు సూర్యకాంతిని పట్టకముచే విడదీసి, ఎఱుపునకు ఆవల, ఏ రంగును కానరానిచోట, ఉష్ణమాపకము నుంచెను. అచ్చట వేడిమి అధికముగా కన్పట్టెను. అవియే పరారుణ కిరణములు. అణువులోని పరమాణువులు వీణ తంత్రివలె నిరంతరము కంపించుచుండును. కార్బన్ మోనాక్సైడు కంపనమునకు సరిపడు పరారుణ తరంగములు ఒక సెంటీమీటరు పొడవులో 2143 ఇముడును. ఆ కిరణమునే ఆ అణువు గ్రహించును. తంత్రిని వ్రేలితో నొక్కినచో స్వరము మారునట్లు, అణువు ఉపరితలమునకు అంటుకొనినచో ఈ సంఖ్యయు మారును. టిటేనియం ఆక్సైడుపై అది సుమారు 2180 నుండి 2190 వరకు పెరుగును; ఆక్సైడులలోని కొన్ని రాగి స్థానములపై సుమారు 2110 నుండి 2130 వరకు తగ్గును. ఈ సంఖ్యనుబట్టి అణువు కూర్చున్న పీఠమును గుర్తింతురు.

పరీక్షావిధానమిది. పొడిని పలుచని బిళ్లగా అదిమి, గాలి తీసివేసిన పాత్రలో వేడిచేసి, పూర్వమంటియున్న తేమను పారద్రోలుదురు. గాజు ఈ కిరణములను చాలవరకు అడ్డగించును గనుక పాత్రకు ఉప్పుస్ఫటికముతోనో కాల్షియం ఫ్లోరైడుతోనో గవాక్షములమర్తురు. ముందు వట్టి పొడి వర్ణపటమును, పిదప వాయువు చేర్చి రెండవ దానిని తీసి, భేదమును పరిశీలింతురు. నల్లని పొడులు కిరణములను మ్రింగివేయును గనుక, వానిపైనుండి చెదరి వెనుకకు వచ్చు వెలుగునే పట్టుకొందురు. 1940 తరువాతి దశకములో లెనిన్‌గ్రాడున టెరెనిను, 1954లో అమెరికాలో ఐషెన్సు తమ సహచరులతో ఈ మార్గమును తెరచిరి.

ఇప్పుడు తేమ సంగతి చూతము. నీరు అంటుకొనినచో 1630 దాపున ఒక గుర్తును, 3000 మొదలు 3600 వరకు వెడల్పైన మరియొక గుర్తును పొడసూపును. పీఠములను నీరాక్రమించినచో విషవాయువునకు చోటు లేదు. చోటు లేనిచో మార్పును లేదు. అందుచేతనే అట్టి సాధనములలో గాలి హాప్కలైటును చేరకమునుపే తేమను పీల్చు పదార్థముగుండా పోవునట్లు ఏర్పరుతురు. మార్పు జరిగినదా యనుటకును సాక్ష్యము కలదు: పుట్టిన బొగ్గుపులుసు గాలి 2349 వద్ద తన గుర్తును చూపును. అది విడిపోక కార్బనేటుగా పొడినే అంటియున్నచో 1300 మొదలు 1600 వరకు గుర్తులు కన్పట్టును. అప్పుడు పీఠములు కొన్ని ఖాళీ కాలేదని తెలియును.

విద్యార్థులారా! కన్నులకు కానరాని దానిని లేదనుకొనుట అజ్ఞానము. దానిని కనుగొను సాధనమును వెదకుట విజ్ఞానము. తలిదండ్రులకు ఒక విన్నపము. మన యిండ్లలో హాప్కలైటు లేదు, కిటికీలు మాత్రము కలవు. బాలింత గదిలో కుంపటి యుంచినప్పుడు గాలి ధారాళముగా వచ్చుటకు కిటికీ తెరచియుంచుడు. నిద్రకు ముందు కుంపటిని బయట పెట్టుడు. ఇంటిలోపల జనరేటరును నడుపకుడు. అట్టిచోట తలనొప్పియు, కన్నులు తిరుగుటయు, వాంతియు కలిగినచో జాగుచేయక బయటి గాలిలోనికి వచ్చి వైద్యుని చేరవలెను.