ఐటీఐతోనే చదువు ఆగిపోదు
రెంచి పట్టిన చేతికీ సైన్సు అందుతుంది... దారి ముందే తెలుసుకుంటే!

బళ్లారి: పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది. 'సైన్సు చదివించే స్తోమత లేదు, ఐటీఐలో వేస్తే రెండేళ్లలో చేతికందొస్తాడు' అని. తోరణగల్లు ఉక్కు కర్మాగారం, కుడితిని విద్యుత్ కేంద్రం, సండూరు గనులు కళ్లెదుట ఉండగా ఆ లెక్క తప్పని అనలేం. తప్పల్లా, ఐటీఐలో చేరితే చదువు అక్కడితో సరి అనుకోవడమే. ఫిట్టరైనా, ఎలక్ట్రీషియనైనా మళ్లీ ఇంజినీరింగు, సైన్సు వైపు రావచ్చు. కాకపోతే ఏ దారి ఎక్కడ మూసుకుపోతుందో చేరేముందే చూసుకోవాలి.

ఒక్క ఏడాదే తేడా

పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారు అందుకు తగిన బ్రాంచిలో డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చని ఏఐసీటీఈ నిబంధనలు చెబుతున్నాయి. మొదటి మెలిక ఇక్కడే ఉంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల ట్రేడులు. వెల్డర్ ఏడాదే. త్వరగా పని దొరుకుతుందని వెల్డర్ ఒక్కటే చేసిన కుర్రాడికి ఈ వెసులుబాటు దక్కదు.

డిప్లొమా అయ్యాక కర్ణాటకలో డీసెట్ రాసి బీఈ రెండో ఏడాదిలో చేరొచ్చు. 45 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ వర్గాలకు 40 చాలు. ఐటీఐ 2, డిప్లొమా 2, బీఈ 3... మొత్తం 7 ఏళ్లు. పీయూసీ మీదుగా వెళ్తే 6. అంటే ఆలస్యం ఒక్క ఏడాదే. పైగా మధ్యలో ఎక్కడ ఆగినా చేతిలో ఒక పని ఉంటుంది.

తప్పిపోయే లెక్కలు

అసలు కష్టం సీటు వచ్చాక మొదలవుతుంది. నేరుగా రెండో ఏడాదిలో చేరినవారికి తొలి ఏడాది గణితం, సైన్సు పాఠాలు తప్పిపోతాయి. ఐటీఐలో 'వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ అండ్ సైన్స్' ఉన్నా అది శాతాలు, వైశాల్యాలు, వేడి, ఘర్షణ వంటి వాటి దగ్గరే ఆగుతుంది. కాలిక్యులస్ కొత్త. బీఈలోనూ ఇదే ఇబ్బంది. అందుకే డిప్లొమా మీదుగా వచ్చినవారికి వీటీయూ అదనంగా గణితం పేపర్లు పెట్టింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పాలిటెక్నిక్‌లో ఇంగ్లీషు... మన పిల్లలకు ఇది ఇంకో బరువు. సెలవుల్లోనే తొలి ఏడాది లెక్కల పుస్తకం తెరిస్తే సగం భయం తీరుతుంది.

సర్టిఫికెట్ వేరు, సబ్జెక్టు వేరు

2016లో కేంద్ర శాఖల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం పదో తరగతి, ఐటీఐ పాసైనవారు జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్ఐఓఎస్)లో భాష తదితర పేపర్లు రాసి పన్నెండో తరగతి సర్టిఫికెట్ పొందొచ్చు. ఉద్యోగ దరఖాస్తుకు అది పనికొస్తుంది. దాంతోనే బీఎస్సీ సైన్సు సీటు వస్తుందనుకుంటే మాత్రం పొరపాటే. అందుకు ఫిజిక్స్, కెమిస్ట్రీ వంటివి చదివి, ప్రాక్టికల్స్ చేసి పాసవ్వాలి. వాటినీ ఎన్ఐఓఎస్‌లోనే రాయొచ్చు. గరిష్ఠ వయసు లేదు, పరీక్షలు ఏటా రెండుసార్లు, నమోదు గడువు ఐదేళ్లు. జీన్స్ యూనిట్లో కుట్టుపని చేసే పాతికేళ్ల అమ్మాయికీ ఈ తలుపు తెరిచే ఉంది.

నర్సింగుదీ ఇలాంటి దారే. బీఎస్సీ నర్సింగుకు బయాలజీతో సైన్సు చదివి ఉండాలి. జీఎన్ఎంకు ఆర్ట్స్ వారూ అర్హులే. అది పూర్తిచేసి నర్సుగా నమోదైతే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు.

చేరేముందు అడగండి

* ట్రేడు ఒక ఏడాదా, రెండేళ్లా?
* సంస్థకు గుర్తింపు ఉందా?
* దీని తర్వాత ఏ బ్రాంచి డిప్లొమాకు అర్హత వస్తుంది?

ఈ మూడింటికీ జవాబు దొరికాకే ఫీజు కట్టండి.