చెవితో చదివేవారికి తెలుగు పత్రం

తెలుగు సంఘాల వార్షిక సంచికలు నేడు కాగితంతోపాటు పీడీఎఫ్ రూపంలోనూ ఇళ్లకు చేరుతున్నాయి. చూపు సన్నగిల్లిన తాతగారికి ఇది వరం కావలసింది. తెరమీది వాక్యాలను పైకి చదివి వినిపించే 'స్క్రీన్ రీడర్'లు ఉన్నాయి. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు ప్రారంభించిన ఎన్‌వీడీఏ ఉచితంగా లభిస్తుంది, తెలుగూ పలుకుతుంది. అయినా అనేక తెలుగు పత్రాలు తెరిచినపుడు అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలను వల్లిస్తుంది.

కంప్యూటర్ దాచుకొనేది అక్షరం ఆకారాన్ని కాదు, దానికి కేటాయించిన సంఖ్యను. డీటీపీ తొలినాళ్ళలో ఫాంటు నిర్మాతలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తుల బొమ్మలను అమర్చారు. కంటికి తెలుగు, లోపల ఇంగ్లీషు! కన్నులేని యంత్రానికి ఆ సంఖ్యలే ఆధారం. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు సొంత స్థానాలు లభించాయి. అందులో 'క్ష' అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు, ఉచ్చారణ వరుసలోనే ఉంటాయి. కనుక యంత్రం తడబడదు.

యూనికోడ్‌లో కూర్చినదైనా పీడీఎఫ్‌గా మారేటప్పుడు చెదరవచ్చు. ఒక పేరాను కాపీ చేసి వేరొక పుటలో అతికించి చూస్తే నిజం తేలిపోతుంది. స్కాన్ చేసిన పుట మరీ కష్టం; అది అక్షరాలు లేని ఛాయాచిత్రం మాత్రమే. ఓసీఆర్ ప్రక్రియతో అక్షరాలుగా మార్చినా ప, వ, ష వంటివి ఒకదానికొకటి పొరబడే అవకాశముంది గనుక మనిషి దిద్దక తప్పదు.

బొమ్మలకు వాక్యరూపంలో వివరణ జతచేయాలి. 'రసాయన నిర్మాణం' అంటే చాలదు. 'బెంజీన్ వలయంలో ఒక హైడ్రోజన్ స్థానంలో హైడ్రాక్సిల్ సమూహం' అన్నప్పుడే వినే విద్యార్థికి ఫినాల్ అందుతుంది. శీర్షికను లావు అక్షరాలలో వేయడం కాక 'హెడింగ్' స్టైల్ వాడితే, వినేవారు వ్యాసం నుండి వ్యాసానికి నేరుగా వెళ్ళగలరు. ఇక కాషాయం మీద పసుపు అక్షరాలు శుభలేఖకు శోభేమో గాని మసకచూపుకు శిక్షే. సాధారణ అక్షరానికీ నేపథ్యానికీ కాంతిభేదం కనీసం 4.5:1 ఉండాలని 2008 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు నిర్దేశించాయి.

పాత సంచికలను మార్చడానికి ఫాంటు మార్పిడి ప్రోగ్రాములున్నాయి. అయితే వాటికి కావలసింది ముద్రిత ప్రతి కాదు, అక్షరాలు కూర్చిన మూలఫైలు. అది తరచుగా డీటీపీ చేసినవారి వద్దనే ఉండిపోతుంది. ముద్రణ ముగిసిన వారంలోనే అడిగి తీసుకోవడం సంపాదకుల పని.