జెద్దాలో ఒక్క సాయంత్రం దొరికితే ఏం చూడాలి?

కంపెనీ పని మీద జెద్దా వెళ్లే మనవాళ్లలో చాలామంది చూసేది ఎయిర్‌పోర్టు, హోటలు. వీలైతే మక్కా వెళ్లి ఉమ్రా చేసుకుని తిరిగి వచ్చేస్తారు. మొన్న నాలుగు రోజుల పని మీద వెళ్లినప్పుడు నేనూ అంతే అనుకున్నా. చివరి రోజు జుహర్‌కే పనంతా అయిపోయింది. ఇంటికి ఫోన్ చేస్తే దాదీ, "నేను ఓడ దిగిన ఊరు బేటా, చూడకుండా వస్తావా?" అంది. దాదీ 1980లలో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు వెళ్లింది. మన దేశం నుంచి హజ్ ఓడలు 1995 వరకు నడిచాయి.

ముందుగా అల్ బలద్

జెద్దా పాతబస్తీ పేరు అల్ బలద్. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో, క్రీ.శ. 647లో, ఈ ఊరు మక్కాకు రేవు అయింది. 2014లో యునెస్కో దీన్ని 'మక్కాకు ద్వారం' అనే పేరుతోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడి పాత ఇళ్లను ఎర్ర సముద్రపు పగడపు రాయితో కట్టారు. బయటకు పొడుచుకొచ్చిన చెక్క కిటికీలను 'రోషన్' అంటారు. లోపలి వాళ్లకు గాలి, వెలుతురు, పరదా అన్నీ వాటితోనే. కామర్స్ చదివిన నాకు ఇంకో లెక్క కనిపించింది. కింద వ్యాపారం, పైన కాపురం, హజ్ రోజుల్లో యాత్రికులకు బస. అంటే ఇల్లే పెట్టుబడి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఓడలు పెరిగాయి, వ్యాపారం పెరిగింది, మేడలూ లేచాయి.

వాటిలో తప్పక చూడాల్సింది 1881లో పూర్తయిన నసీఫ్ ఇల్లు. 1925లో జెద్దా చేతికొచ్చాక రాజు అబ్దుల్ అజీజ్ బస చేసింది ఇందులోనే. ఇంటి ముందు ఒక పెద్ద చెట్టు ఉంది. ఒకప్పుడు ఊరు మొత్తంలో చెట్టంటే అదొక్కటేనట. దగ్గరికెళ్లి ఆకు చూస్తే, మన వేపచెట్టే!

తర్వాత సముద్రం

పొద్దు వాలకముందే క్యాబ్ తీసుకుని కార్నిష్ చేరండి. మన విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఇక్కడ సముద్రంలోకి దిగుతాడు. నీళ్లలో స్తంభాల మీద నిలబడ్డ అర్రహ్మా మసీదులో మగ్రిబ్ చదువుకోవచ్చు. చీకటి పడ్డాక కింగ్ ఫహద్ ఫౌంటెన్ చూడండి. సముద్రపు నీటిని దాదాపు 260 మీటర్ల ఎత్తుకు చిమ్ముతుంది. అంటే మన చార్మినార్‌కు నాలుగింతల పైనే.

గుర్తుంచుకోవాల్సినవి

• వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం పొద్దున పాతబస్తీకి వెళితే మూసిన షట్టర్లే కనిపిస్తాయి.

• ఎండ మామూలుగా ఉండదు. అసర్ తర్వాతే బయల్దేరండి, నీళ్ల సీసా మరవకండి.

• కొనే వస్తువులపై 15 శాతం వ్యాట్ ఉంటుంది. చెప్పిన ధరలో అది కలిసిందో లేదో అడగండి.

• మనుషుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయొద్దు.

• హజ్ రోజుల్లో పర్మిట్ లేకుండా మక్కా వైపు వెళ్లొద్దు.

వేపచెట్టు ఫొటో దాదీకి పంపించా. "ఈ చెట్టు గుర్తులేదు. ఓడ దిగగానే తగిలిన వేడి మాత్రం గుర్తుంది" అంది. తర్వాత ఆ ఫొటోను చుట్టాలందరికీ ఫార్వర్డ్ చేయించింది. ఇకమీదట మీలో ఎవరికైనా జెద్దా పని పడితే, తిరుగు టికెట్టు ఒక పూట ఆలస్యంగా బుక్ చేసుకోండి. మన పెద్దలు దిగిన గడపను చూడటానికి ఆ పూట చాలు.