సగటు చాటున దాగినవారు

వలస వచ్చినవారినందరినీ ఒకే పేరుతో లెక్కించినచో ఏమగును? బ్రిటనులోని భారతీయులు, పాకిస్తానీయులు, బంగ్లాదేశీయులు 'ఆసియావారు' అను ఒకే పద్దులో చేరినచో, ఒకరి లేమిని మరొకరి కలిమి కప్పివేయును.

కరాచీలో 1952లో జన్మించి, బాల్యముననే బ్రిటను చేరిన సమాజశాస్త్రజ్ఞుడు తారిక్ మోదూద్ ఈ పద్దును విడదీసి చూచినారు. సహచరులతో కలిసి 1994లో ఆయన జరిపిన సర్వే ఫలితములు 1997లో వెలువడినవి. పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబములలో నూటికి 80కి పైగా దేశపు సగటు ఆదాయములో సగమునకు తక్కువతో బ్రతుకుచుండినవి. భారతీయుల స్థితి ఎంతో మెరుగు. పైగా దక్షిణాసియావారిలో పెక్కుమంది తమను గూర్చి చెప్పుకొనుటలో రంగుకంటె మతమునే ముందుంచినారు.

ఇంగ్లండు, వేల్సుల జనగణనలో మతమును గూర్చిన ప్రశ్న 2001లో చేరినది. ముస్లిములు 15 లక్షలకు పైగా ఉన్నట్లు తెలిసినది.

కలిసి బ్రతుకుట యనగా తన గుర్తింపును విడనాడుట కాదు, ఇరువైపులవారును కొంత మారుట అని మోదూద్ వాదించినారు. ఎవరినైనను ఆదుకొనవలెనన్న, ముందు వారిని సరియైన పద్దులో చూడవలెను గదా!