ఒక పంతులమ్మకు ఎందరు పిల్లలు?

నిష్పత్తి అనగానే మీకు లెక్కల పుస్తకం గుర్తుకొస్తుంది. పాలూ నీళ్ళూ, ఇసుకా సిమెంటూ - ఇవే కదూ అందులోని ఉదాహరణలు? అదే నిష్పత్తితో ఒక దేశం తన చిన్నపిల్లల చదువును ఎంత శ్రద్ధగా చూస్తోందో కూడా కొలవవచ్చు. అయితే ఈ కొలబద్దను వాడడం తెలియాలి. లేకుంటే అది మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. అదెలాగో చూద్దాం.

మూడేళ్ళు నిండినప్పటి నుంచి ఒకటో తరగతిలో చేరేదాకా సాగే చదువును పూర్వ ప్రాథమిక విద్య అంటారు. అంగన్‌వాడీ, బాలవాడి, నర్సరీ, ఎల్.కె.జి. - పేరేదైనా అన్నీ ఈ కోవలోవే. యునెస్కో సంస్థ దేశదేశాల నుంచి ఈ బడుల లెక్కలు సేకరిస్తుంది. 'శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయునికి ఎందరు విద్యార్థులు' అన్నది వాటిలో ఒకటి. 2030 నాటికి సాధించాలని 2015లో ప్రపంచ దేశాలు పెట్టుకున్న లక్ష్యాలకు సూచికలుగా ఎంచిన అంకెల్లో ఇదీ ఉంది.

లెక్క సులభమే. ఒక చోట 1000 మంది పిల్లలు, 50 మంది ఉపాధ్యాయులు ఉన్నారనుకోండి. 1000 ÷ 50 = 20. ఆ 50 మందిలో 25 మందికే శిక్షణ ఉందనుకోండి. అప్పుడు 1000 ÷ 25 = 40. పిల్లలు వారే, గదులు అవే. హారం సగమైంది, జవాబు రెట్టింపయింది. ఇక శిక్షణ పొందినవారు ఒక్కరూ లేకపోతే? సున్నాతో భాగించలేమని మీకు తెలుసు. ఆ బడికి ఈ నిష్పత్తే ఉండదు!

ఎందుకింత పట్టింపు?

నాలుగేళ్ళ పాప ఉపన్యాసం విని నేర్చుకోదు. ఆడుతూ, అడుగుతూ, జవాబు చెప్పించుకుంటూ నేర్చుకుంటుంది. బడి మూడు గంటలు, అంటే 180 నిమిషాలు. 20 మంది పిల్లలుంటే ఒక్కొక్కరి వంతుకు 9 నిమిషాలు వస్తాయి. 40 మంది ఉంటే నాలుగున్నర నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో ఏ బిడ్డతో ఏం మాట్లాడాలో, ఏ ఆట ఆడించాలో తెలియడమే శిక్షణ.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో 1962లో ఒక ప్రయోగం మొదలైంది. పేద కుటుంబాలకు చెందిన 123 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. 58 మందికి మంచి బడి నడిపారు. 65 మందికి ఆ బడి లేదు. బడిలో ఐదారుగురు పిల్లలకు ఒక శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు ఉండేది. ఆమె వారానికోసారి పిల్లల ఇళ్ళకూ వెళ్ళేది. వారికి 40 ఏళ్ళు వచ్చాక చూస్తే, బడికి వెళ్ళినవారిలో 77 శాతం మంది, వెళ్ళనివారిలో 60 శాతం మంది హైస్కూలు చదువు పూర్తిచేశారు. అయితే ఈ తేడా అంతా నిష్పత్తి వల్లనే వచ్చిందనలేం సుమా! ఇళ్ళకు వెళ్ళడం కూడా పనిచేసి ఉండవచ్చు. పైగా 123 మంది అంటే చిన్న సంఖ్యే.

దేశాలను పోల్చేటప్పుడు

ఫిన్లాండులో మూడేళ్ళు దాటిన ఏడుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలని నియమం. ఇంగ్లండులో మూడు, నాలుగేళ్ళ పిల్లలు 8 మందికి ఒకరుండాలి. పట్టభద్రుడైన ఉపాధ్యాయుడు స్వయంగా ఉంటే 13 మంది దాకా ఉండవచ్చు. జపానులోని శిశు సంరక్షణ కేంద్రాలలో నాలుగైదేళ్ళ పిల్లలకు 1948 నుంచీ 30 మందికి ఒకరు అన్న ప్రమాణం ఉండేది. 2024లో దాన్ని 25కు తగ్గించారు. మన దేశంలో 2013 నాటి జాతీయ విధానం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు 20 మందికి ఒకరుండాలంది.

అయితే ఫిన్లాండే అన్నిటికన్నా మేలని వెంటనే తేల్చేయవచ్చా? ఆగండి. ఆ ఏడుగురి లెక్కలో ఉపాధ్యాయులే కాక, పిల్లల్ని చూసుకునే ఇతర సిబ్బందీ ఉన్నారు. పైగా ఇవన్నీ నియమాలు. నిజంగా గదిలో ఎందరున్నారో ఇవి చెప్పవు.

ఇంకా మూడు చిక్కులున్నాయి.

మొదటిది: శిక్షణ అంటే ఏమిటో ఏ దేశానికా దేశమే నిర్ణయించుకుంటుంది. ఒక చోట విశ్వవిద్యాలయ పట్టా కావాలి. మరొక చోట అంతకన్నా తక్కువ చదువు చాలు. పేరు ఒకటే, సరుకు వేరు.

రెండవది: సరాసరి. ఒక బడిలో 10 మంది, మరొక బడిలో 50 మంది పిల్లలు, రెంటికీ ఒక్కొక్క పంతులమ్మ. సరాసరి 30. కాని 60 మందిలో 50 మంది కిక్కిరిసిన గదిలోనే కూర్చున్నారు కదా! పిల్లల వైపు నుంచి లెక్క వేస్తే (10×10 + 50×50) ÷ 60, అంటే 43 పైచిలుకు.

మూడవది: బడి గడప దాటి లోపలికి రాని పిల్లలు. లెక్కలో చేరినవారే ఉంటారు. సగం మంది పిల్లలు బయటే ఉండిపోతే లవం తగ్గి నిష్పత్తి అందంగా కనిపిస్తుంది.

మన అంగన్‌వాడీని తీసుకోండి. ఆ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అక్కడి కార్యకర్త పాటలు, కథలు చెప్పడమే కాదు. పిల్లల బరువు తూచాలి, పోషకాహారం చూడాలి, టీకాల పనిలో సాయపడాలి, రిజిస్టర్లు రాయాలి. నిష్పత్తి 20 అని కాగితం చెప్పినా, ఆమె రిజిస్టరు ముందు కూర్చున్న గంటసేపు ఆ 20 మందికీ పంతులమ్మ లేనట్టే.

ఒక పని చేయండి. పెద్దల అనుమతితో మీ వీధి అంగన్‌వాడీకి వెళ్ళి మూడు సంఖ్యలు రాసుకోండి: పేరు నమోదైన పిల్లలెందరు, ఆ రోజు వచ్చినవారెందరు, కార్యకర్త పిల్లలతో గడిపిన నిమిషాలెన్ని. మూడవదాన్ని రెండవదానితో భాగించండి. ఒక్కొక్క బిడ్డకు దక్కిన నిమిషాలు తేలతాయి. మీ స్నేహితులు వేరే వీధిలో చేసిన లెక్కతో పోల్చండి. దేశాలను పోల్చే పట్టికలు ఈసారి మీ కంట పడితే, ఏ ప్రశ్నలు వేయాలో మీకే తెలుస్తుంది.